మ్నా అని రాసిన తలుపు: ఒక ఐరిష్ నామవాచకం పుట్టుక, వ్యాకరణం ఎలా పట్టుకోవాలి

డబ్లిన్ వచ్చిన కొత్తలో ఒక పబ్బులో టాయిలెట్ కోసం వెతుక్కుంటూ వెళ్తే రెండు తలుపులు ఎదురయ్యాయి. బొమ్మల్లేవు. ఒకదాని మీద ఎఫ్, ఐ, ఆర్ అని, రెండో దాని మీద ఎమ్, ఎన్, ఏ అని రాసుంది. ఆ ఏ నెత్తిన చిన్న ఏటవాలు గీత. ఎఫ్ అంటే ఫీమేల్, ఎమ్ అంటే మెన్ అనుకుని ధీమాగా ఎమ్ తలుపు తోశాను. లోపల చేతులు కడుక్కుంటున్న పెద్దావిడ అద్దంలోంచే నన్ను చూసి, నవ్వాపుకుంటూ పక్క తలుపు వైపు వేలు చూపించింది.

ఫిర్ అంటే మగవాళ్లు, మ్నా అంటే ఆడవాళ్లు. ఇంటికొచ్చి డిక్షనరీలో మ్నా వెతికితే, 'బ్యాన్' దగ్గర చూడమంది. స్పెల్లింగ్ బి, ఇ, ఏ, ఎన్, అచ్చంగా ఇంగ్లిష్ చిక్కుడుగింజలా. బ్యాన్ అంటే ఆడమనిషి. బ్యాన్ ఎక్కడ, మ్నా ఎక్కడ? ఆ రాత్రి పట్టుకున్న తీగ లాగుతూ పోతే ఒక పద్ధతి కుదిరింది. ఐర్లండ్‌లో బడికెళ్లే పిల్లలున్న తెలుగు అమ్మానాన్నలకి ఐరిష్ హోంవర్క్ పెద్ద టెన్షన్ కాబట్టి, అదే పద్ధతిని ఇక్కడ బ్యాన్ అనే ఒక్క మాట మీద చేసి చూపిస్తాను. తరవాత ఏ మాటకైనా మీరే వాడుకోవచ్చు.

ముందే చెప్పేస్తున్నా, కిటుకు ఒక్కటే. డిక్షనరీలో లావు అక్షరాల్లో ఉన్న తలమాట దగ్గర ఆగిపోకండి. దాని పక్కన బ్రాకెట్లో చిన్న అక్షరాల్లో ఉండే షష్ఠి రూపం, అంటే 'యొక్క' అనే అర్థమిచ్చే రూపం, అదీ మీకు కావలసింది. వ్యాకరణం అక్కడే తెలుస్తుంది, పుట్టుక కూడా అక్కడే బయటపడుతుంది. మన భాషా అంతే కదా. 'ఇల్లు' అని నేర్చుకున్న విదేశీయుడు 'ఇంటి తాళం' అని వినగానే బిక్కమొహం వేస్తాడు. నోరు, నోటి. నుయ్యి, నూతి. ఇల్లు ఒక్కటే బట్టీ పట్టినవాడికి తెలుగు వచ్చినట్టు కాదు.

మొదటి పని: మాట ముందున్న ముసుగు తీయండి

ఐరిష్ మాటల్లో మొదటి అక్షరం వాక్యాన్ని బట్టి మారుతుంది. కనిపించింది కనిపించినట్టు డిక్షనరీలో వెతికితే చాలాసార్లు దొరకదు. రెండు సూత్రాలు గుర్తుంటే సగం గండం గడిచినట్టే.

రెండో అక్షరం హెచ్ అయితే, దాన్ని తీసేయండి. 'అన్ వ్యాన్' (ఆ ఆడమనిషి) అని రాసేటప్పుడు బి పక్కన హెచ్ వస్తుంది. బి, హెచ్ కలిస్తే ఇక్కడ 'వ' పలుకుతుంది. హెచ్ తీసేస్తే బ్యాన్ బయటికొస్తుంది.

మాట మొదట్లో ఎమ్-బి, జి-సి, ఎన్-డి, బి-పి, డి-టి, ఎన్-జి జంటల్లో ఏదైనా ఉంటే, మొదటి అక్షరం తీసేయండి. 'న మన్' (ఆ ఆడవాళ్ల యొక్క) అన్నప్పుడు రాతలో ఎమ్-బి-ఏ-ఎన్ ఉంటుంది, నోట్లో ఎమ్ మాత్రమే పలుకుతుంది. ఎమ్ తీస్తే 'బన్'. 1914 ఏప్రిల్ 2న డబ్లిన్‌లో మొదలైన మహిళా సంఘం పేరు 'కుమన్ న మన్'. ఆ పేరు రాసేటప్పుడు ఎమ్ చిన్నది, బి పెద్దది. అసలు మాట బి నుంచి మొదలవుతుందని ఆ పెద్దక్షరమే చెప్పేస్తుంది. ఇంకొక జంట కాదు, ముగ్గురి గుంపు: బి-హెచ్-ఎఫ్. అక్కడ ఎఫ్ ముందున్న రెండూ తీసేయాలి.

ఈ రెండో మార్పు చూసి కంగారు పడకండి. పదో తరగతి తెలుగు పరీక్షలో మీరిది రాసే ఉంటారు. సరళాదేశ సంధి గుర్తుందా? పూచెన్ + కలువలు = పూచెన్ గలువలు. ముందు మాట చివర 'న్' ఉంటే తరవాతి క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లు అవుతాయి. ఐరిష్‌లో 'పారిస్‌లో' అనాలంటే 'ఇ బారస్'. ఊరి పేరు పారస్, 'ఇ' తరవాత పలికేది బారస్. ఎందుకంటే ఆ 'ఇ' ఒకప్పుడు 'ఇన్'. న్ రాలిపోయింది, అది చేసిన పని మిగిలింది. క ని గ గా, త ని ద గా, ప ని బ గా మార్చడం రెండు భాషల్లోనూ ఒకటే. మనం దాన్ని సరళాదేశం అన్నాం, వాళ్లు ఉరూ అంటారు. చుట్టరికం ఏమీ లేదు, ముక్కుతో పలికే అక్షరం పక్కనుంటే నాలుక ఎక్కడైనా చేసే పనే అది. హెచ్ పెట్టే మార్పు మాత్రం పాత రోజుల్లో ముందు మాట అచ్చుతో ముగిసినందువల్ల వచ్చింది.

ఇక గీత సంగతి. అచ్చు మీది ఆ ఏటవాలు గీతని ఫాడా అంటారు, దీర్ఘం అన్నమాట. మన దీర్ఘాన్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటామో దీన్నీ అంతే తీసుకోవాలి. ఎఫ్-ఇ-ఏ-ఆర్ అంటే మగమనిషి. ఆ ఇ మీద గీత పెడితే గడ్డి.

రెండో పని: డిక్షనరీ ఎంట్రీ చదవడం

టి-ఇ-ఏ-ఎన్-జి-ఎల్-ఏ-ఎన్-ఎన్ డాట్ ఐఈ అనే సైట్ తెరవండి. పలకడం 'ట్యాంగ్లన్'. డబ్బులక్కర్లేదు. 1977లో వచ్చిన ఓ డోనల్ ఐరిష్–ఇంగ్లిష్ నిఘంటువు మొత్తం అందులో ఉంది. వ్యాకరణ పట్టికలకి ఒక ట్యాబ్, ఉచ్చారణకి ఒక ట్యాబ్ వేరుగా ఉంటాయి.

బ్యాన్ కొడితే మొదటి లైన్లో చిన్న చిన్న పొడక్షరాలు కనిపిస్తాయి. ఎఫ్ అంటే స్త్రీలింగం. జి-ఎస్ అంటే షష్ఠి ఏకవచనం. ఎన్-పి-ఎల్ అంటే ప్రథమ బహువచనం. జి-పి-ఎల్ అంటే షష్ఠి బహువచనం. ఈ మాటకి జి-ఎస్, ఎన్-పి-ఎల్ రెండూ మ్నా, జి-పి-ఎల్ బన్. కొత్తవాళ్లు ఈ పొడక్షరాలు దాటేసి కింద అర్థాలకి వెళ్లిపోతారు. నేనూ అదే చేశాను, మూడు నెలలు వృథా.

ఇప్పుడు పుస్తకంలో నాలుగు గళ్లు గీసి నింపండి. ఎడమ వరసలో ఏకవచనం: 'అన్ వ్యాన్', ఆ ఆడమనిషి. దాని కింద 'న మ్నా', ఆ ఆడమనిషి యొక్క. పక్క వరసలో బహువచనం: 'న మ్నా', ఆ ఆడవాళ్లు. దాని కింద 'న మన్', ఆ ఆడవాళ్ల యొక్క. గళ్లు నింపగానే ఒక పేచీ కనబడుతుంది. న మ్నా రెండు చోట్ల ఉంది. 'హటా న మ్నా' అంటే ఆవిడ టోపీ, ఉత్త 'న మ్నా' అంటే ఆ ఆడవాళ్లు. ముందు ఇంకో నామవాచకం ఉందా లేదా చూసుకోండి, తేలిపోతుంది. టాయిలెట్ తలుపు మీద ముందు ఏమీ లేదు కాబట్టి అది బహువచనం.

ఇంకో చిన్న విషయం. గేల్టఖ్త్‌లో, అంటే ఐరిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న పల్లెల్లో, వేసవి కోర్సులకి వచ్చే పిల్లలకి అన్నం పెట్టి చూసుకునే ఇల్లాలిని 'బ్యాన్ అన్ టీ' అంటారు. ఇంటి ఆవిడ. అర్థంలో 'ఆ ఇంటి ఆ ఆవిడ' అని ఉన్నా, 'అన్' ఒక్కసారే వస్తుంది, అదీ చివరి మాట ముందే. బ్యాన్ ముందు కూడా అన్ పెట్టడం మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. ఇక్కడ 'టీ' కూడా షష్ఠి రూపమే. టి-ఇ-ఏ-సి-హెచ్ అని రాసే 'ట్యఖ్' (ఇల్లు) అలా మారింది. మన ఇల్లు ఇంటి అయినట్టే వాళ్ల ఇల్లూ మారిందన్నమాట!

పిల్లల టీచరు మ్నాని 'మ్రా' అంటే తప్పు అనుకోకండి. ఉత్తరాన అల్స్టర్‌లో, పడమట కొనాఖ్ట్‌లో మ్న ని మ్ర గా పలుకుతారు. దక్షిణాన మన్స్టర్‌లో మ్నా మ్నాగానే ఉంటుంది. ఉచ్చారణ ట్యాబ్‌లో మూడు ప్రాంతాల గొంతులూ విడివిడిగా వినొచ్చు.

మూడో పని: లింగం ఏమిటో మాట చేత చెప్పించండి

మాట చివర చూసి లింగం ఊహించే సూత్రాలున్నాయి. చివరి హల్లు పక్కన ఏ, ఓ, యు ఉంటే ఎక్కువగా పుంలింగం, ఐ ఉంటే ఎక్కువగా స్త్రీలింగం, వగైరా. ఆ లెక్కన బ్యాన్ పుంలింగం కావాలి. ఆడమనిషి అనే మాటే సూత్రానికి లొంగలేదు! అందుకే నేను ఊహ మీద ఆధారపడను, రెండు పరీక్షలు పెడతాను.

ముందు 'అన్' తగిలించండి. మొదటి అక్షరం పక్కన హెచ్ వస్తే స్త్రీలింగం: బ్యాన్, అన్ వ్యాన్. మగమనిషి 'ఫ్యార్' మాత్రం 'అన్ ఫ్యార్' గానే ఉంటుంది. తరవాత విశేషణం తగిలించండి. ఐరిష్‌లో విశేషణం వెనక వస్తుంది. మంచి మగమనిషి 'ఫ్యార్ మా', మంచి ఆడమనిషి 'బ్యాన్ వా'. 'మా' లోని ఎమ్ పక్కన హెచ్ చేరి 'వ' అయింది.

ఈ పరీక్ష 'కలీన్' (అమ్మాయి) మీద చేసి చూడండి. 'అన్ కలీన్', హెచ్ రాదు. అంటే వ్యాకరణంలో అమ్మాయి పుంలింగం. చివర ఉన్న 'ఈన్' చిన్నది అని ముద్దుగా చెప్పే ప్రత్యయం, అది తగిలిన మాటలు ఎక్కువగా పుంలింగంలో పడతాయి. సర్వనామం దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఆమె అనే అంటారు. దీనికి లాజిక్ వెతక్కండి. తెలుగులో ఆవిడా, పిల్లీ, బల్లా 'వచ్చింది, పడింది' అనే ఒకే క్రియతో సరిపెట్టుకునే మనకి ఎవర్నీ అడిగే హక్కు లేదు.

నాలుగో పని: లెక్కపెట్టి చూడండి

ఇది తెలుగువాళ్లకి ఐరిష్ ఇచ్చే బహుమతి. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లు ఇక్కడ తల పట్టుకుంటారు. మనం రెండు కుర్చీలు అంటాం, ఇద్దరు మనుషులు అంటాం. మూడు, ముగ్గురు. నాలుగు, నలుగురు. ఐరిష్‌లోనూ అంతే, వస్తువులకి ఒక వరస, మనుషులకి ఇంకో వరస. ఇద్దరు 'బెర్ట్', ముగ్గురు 'ట్ర్యూర్', నలుగురు 'క్యాహ్రర్', ఐదుగురు 'కూగర్'. ఇలా పదిమంది దాకా ఉన్నాయి.

వీటి తరవాత బ్యాన్ షష్ఠి బహువచనంలో ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్లు 'బెర్ట్ వన్', ముగ్గురు ఆడవాళ్లు 'ట్ర్యూర్ బన్'. బెర్ట్ తరవాత మాత్రం హెచ్ వస్తుంది, అందుకే వన్. నాలుగో గడిలో రాసుకున్న బన్ ఇక్కడ పనికొచ్చింది చూడండి. ట్ర్యూర్ అనే మాటని మాత్రం ఒక పక్కన పెట్టుకోండి, చివర్లో దానితో పనుంది.

ఐదో పని: పాత ఐరిష్‌లోకి దిగడం

ఇక పుట్టుక. డి-ఐ-ఎల్ డాట్ ఐఈ తెరవండి. రాయల్ ఐరిష్ అకాడమీ 1913 నుంచి 1976 దాకా భాగాలు భాగాలుగా వేసిన పాత ఐరిష్ నిఘంటువుకి ఇది ఇంటర్నెట్ రూపం. సుమారు క్రీ.శ. 700 నుంచి 1700 మధ్య భాష ఇందులో దొరుకుతుంది. మొదటిసారి చూస్తే ఎంట్రీ కొండలా ఉంటుంది, ఉదాహరణలన్నీ చదవనక్కర్లేదు. పైనున్న రూపాలు మాత్రం రాసుకోండి. అక్కడ బ్యాన్ 'బెన్' అని ఉంటుంది. షష్ఠి మ్నా, షష్ఠి బహువచనం బన్. పన్నెండు వందల ఏళ్ల కిందటా ఇదే తేడా. అంటే ఇది ఈమధ్య వచ్చిన తప్పు కాదు, చాలా పాత ఆస్తి.

పాత ఐరిష్ కన్నా వెనక్కి వెళ్లాలంటే పక్క భాషలు కావాలి. 1983లో దక్షిణ ఫ్రాన్స్‌లోని లార్జాక్ ప్రాంతంలో ఒక సీసపు రేకు దొరికింది. దాని మీద ఐరిష్‌కి బంధువైన గాలిష్ భాషలో మంత్రాల గొడవేదో రాసుంది. అందులో 'బ్నానొం' అనే మాట ఉంది, 'ఆడవాళ్ల యొక్క' అని అర్థం. మన చిక్కుముడిలో తప్పిపోయిన మధ్య మెట్టు ఇదే. బ్న ముందు, మ్న తరవాత.

బ్న మ్న ఎలా అయింది? దానికీ మన సంధి ఉంది. జగత్ + నాథ = జగన్నాథ. వాక్ + మయ = వాఙ్మయ. అనునాసికం ముందున్న వర్గాక్షరం అదే వర్గంలోని అనునాసికంగా మారుతుంది. త వర్గం వాడు న్, క వర్గం వాడు ఙ్ అయినప్పుడు ప వర్గం వాడైన బ్ ఏమవ్వాలి? మ్. అంతే, బ్నా మ్నా అయింది. ఐర్లండ్‌లో ఎవరూ అనునాసిక సంధి చదవలేదు, నోరు చదివింది.

ఆరో పని: బంధువుల్ని గుర్తుపట్టడం

ఐరిష్, సంస్కృతం, గ్రీకు, పారశీకం, ఇంగ్లిష్ అన్నీ ఒకే పాత తల్లి నుంచి వచ్చినవి. ఆ తల్లి భాషలో గ, వ కలిపి పలికినట్టుండే ఒక ధ్వని ఉండేది, 'గ్వ' అనుకోండి. ఐరిష్‌లో అది బ అయింది. సంస్కృతంలో గ గా ఉండిపోయింది, కానీ వెనక ఇ, ఎ లాంటి అచ్చు ఉన్నచోట జ అయింది.

ఒక్క జత చూసి నమ్మకండి. కనీసం మూడు కావాలి. ఐరిష్‌లో ఆవు 'బో', సంస్కృతంలో గో, మన గోవు. ఐరిష్‌లో బతికున్న అనడానికి 'బ్యో', సంస్కృతంలో జీవ. ఐరిష్‌లో పాత రూపం బెన్, వేదంలో 'జని', అంటే స్త్రీ, భార్య. బ కి గ గానీ జ గానీ, మూడుసార్లూ నిలబడింది.

ఇప్పుడు షష్ఠి తీయండి. ఋగ్వేదంలో జనితో పాటు 'గ్నా' అనే మాట కూడా ఉంది, దేవతా స్త్రీలకి వాడతారు. గ్ కి న కి మధ్య అచ్చు లేదు కాబట్టి గ జ అవ్వలేదు. ఐరిష్‌లోనూ మధ్య అచ్చు లేని రూపం మ్నా. జని పక్కన బెన్ రాయండి, గ్నా పక్కన మ్నా రాయండి. అచ్చు ఉన్న రూపం, లేని రూపం, రెండూ తల్లి భాషలోనే ఉన్నాయి. సంస్కృతంలో అవి విడిపోయి వేరువేరు మాటలయ్యాయి, ఐరిష్ రెండింటినీ ఒకే మాట కింద కాపురం పెట్టించింది. ఇదంతా బ్యాన్ అనే తలమాట ఒక్కటే చూసుంటే దొరికేది కాదు.

మిగతా బంధువులు మీకు తెలిసినవాళ్లే. గ్రీకులో 'గ్యునే', మన గైనకాలజిస్టు అక్కడి నుంచే వచ్చారు. ఇంగ్లిష్‌లో క్వీన్. పారశీకంలో 'జన్', దాని మీద వచ్చిన 'జనానా' హైదరాబాదు వాళ్లకి కొత్త కాదు. డబ్లిన్ తలుపు మీది మ్నా, పాతబస్తీ నోట వినపడే జనానా ఒకే తల్లి మనవరాళ్లు.

ఏడో పని: అతి ఉత్సాహానికి బ్రేకు

జని అనగానే జనని, జననం గుర్తొస్తాయి. నేనూ బ్యాన్ పక్కన జనని రాసేసి సంబరపడ్డాను. తప్పు. జనని వేరే ధాతువు, కనడం అనే అర్థంలోది, దాని మొదటి ధ్వని గ్వ కాదు. సంస్కృతంలో రెండూ జ గా కలిసిపోయాయి కాబట్టి అక్కడ తేడా కనపడదు. ఐరిష్ కలపలేదు. పాత 'గ్వ' ఐరిష్‌లో బ, ఈ రెండోది గ. కనడం, పుట్టుక అనే మాట ఐరిష్‌లో 'గెన్', జి తో. జనని చుట్టం గెన్, జని చుట్టం బెన్. సంస్కృతంలో అనుమానం వస్తే ఐరిష్‌ని సాక్షిగా పిలవొచ్చన్నమాట.

ఇక రెండో తలుపు

ఇదే పద్ధతి ఫిర్ మీద మీరే చేయండి, నేను జవాబులు మాత్రం ఇస్తాను. తలమాట ఫ్యార్. షష్ఠి ఏకవచనం ఫిర్, బహువచనం కూడా ఫిర్, షష్ఠి బహువచనం మళ్లీ ఫ్యార్. తలుపు మీదున్నది బహువచనం. 'ఆ మగమనిషి యొక్క' అంటే ఎఫ్ పక్కన హెచ్ వచ్చి ఎఫ్ నోరు మూసుకుంటుంది, 'అన్ ఇర్' అని వినిపిస్తుంది. 'ఆ మగవాళ్ల యొక్క' అంటే బి-హెచ్-ఎఫ్ గుంపు వచ్చి 'న వ్యార్'.

పుట్టుకకి సూత్రం: మాట మొదట్లో పాత 'వ' ఐరిష్‌లో ఫ అయింది. వింశతికి ఇక్కడ 'ఫిహె', ఇరవై. విధవకి పాత ఐరిష్‌లో 'ఫెద్వ్'. మరి ఫ్యార్, ఫిర్ ఎవరికి? మన వీరుడికి. పబ్బులో ఎఫ్ తలుపు వెనక ఉన్నది వీరులన్నమాట.

ఇప్పుడు పక్కన పెట్టిన ట్ర్యూర్ తీయండి. పాత ఐరిష్‌లో అది 'త్రియర్'. త్రి అంటే మూడు, మనకి తెలిసిందే. వెనక అరిగిపోయి మిగిలిన 'అర్' ఇదే ఫెర్, మగమనిషి. అంటే ట్ర్యూర్ బన్ అని ముగ్గురు ఆడవాళ్లని లెక్కపెట్టిన ప్రతిసారీ, ఆ లెక్కలో ఒక మగవాడు దూరి కూర్చుంటున్నాడు. ఆ రోజు పబ్బులో నాలాగే.